పెళ్లితో మొదలయ్యే ప్రేమకథ: కొత్త దంపతుల మీద చారిత్రక నవల రాయడం ఎలా?

పెద్దలు కుదిర్చిన పెళ్లి మీద ప్రేమ నవల రాయాలనుకునేవాళ్లకు మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. మామూలు ప్రేమకథలో వాళ్లిద్దరికీ పెళ్లవుతుందా లేదా అన్నదే టెన్షన్. ఇక్కడ ఆ పెళ్లి మొదటి అధ్యాయంలోనే అయిపోయింది. మరి మిగతా మూడు వందల పేజీలు పాఠకుడు ఎందుకు చదవాలి?

చాలామంది ఈ ఖాళీని గయ్యాళి అత్తగారితోనో, అబ్బాయి పాత ప్రేమతోనో పూడుస్తారు. అంత అవసరం లేదు. పాతకాలపు ఉమ్మడి ఇంట్లో కొత్త దంపతులకు అసలు అడ్డంకి ఎవరి చెడ్డతనమూ కాదు. ఇద్దరూ కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు ఉండదు, వేళ ఉండదు, ఆ మాటలు ఎలా మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియదు. కథంతా అక్కడే ఉంది. ఏ అధ్యాయంలో వాళ్లకు ఎంత ఏకాంతం దొరికింది, అందులో ఏ మాట బయటికి వచ్చింది, ఏది గొంతులో ఆగిపోయింది అన్న లెక్క మీ దగ్గర ఉంటే నవల మీ చేతిలో ఉన్నట్టే.

ఊరికే సూత్రాలు చెప్పుకుంటే లాభం లేదు కాబట్టి ఒక నవలను మొదటి నుంచీ కట్టుకుంటూ పోదాం. అమ్మాయిది కోనసీమలో ఒక పల్లె. అబ్బాయిదీ ఆ ప్రాంతమే, ఉద్యోగం మాత్రం మద్రాసు సెక్రటేరియట్‌లో గుమాస్తాగిరీ. పెళ్లి 1952 వైశాఖంలో. పేర్లు మీరే పెట్టుకోండి. 1933లో పుట్టిన పిల్లకు సుబ్బలక్ష్మో, సత్యవతో, వెంకటరత్నమో ఉంటుంది గానీ శ్రావ్య, సహస్ర ఉండవు.

మొదటి మెట్టు: ఏడాది తేల్చుకోండి

"పూర్వకాలం" అనే కాలం ఏదీ లేదు. 1930కీ 1952కీ మధ్య కోడలి బతుకు చాలా మారింది. ఏడాది తేలకపోతే వయసు, చట్టం, నాణెం, ప్రయాణం ఏదీ తేలదు.

అన్నిటికన్నా ముఖ్యం వయసు. శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 కనీస వయసు. దాన్ని తప్పించుకోవడానికి మన గోదావరి జిల్లాల వాళ్లు పిల్లల్ని తీసుకుని ఫ్రెంచి వాళ్ల పాలనలో ఉన్న యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కళ్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. చారిత్రక నవల రాసేవాళ్లకు ఇలాంటి సమాచారం దొరికితే చేతులు దురద పెడతాయి. కానీ ఆగండి. ఆ పెళ్లికూతుళ్లు పసిపిల్లలు. పసిపిల్లను కథానాయికను చేసి ప్రేమ నవల రాయకూడదు. రాస్తే గీస్తే అది బాల్యవివాహం మీద నవల అవుతుంది, దాని దారి వేరు. "ఆ రోజుల్లో అంతేగా" అన్నది చరిత్రకు సమాధానం కావచ్చు, రొమాన్సుకు కాదు.

అందుకే మన ఉదాహరణలో అమ్మాయికి 19, అబ్బాయికి 26. అప్పటి పల్లెలో పందొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లి కాలేదంటే ఊరు ఊరుకోదు. కారణం మీరు చెప్పాలి: అక్క పెళ్లికి అమ్మిన పొలం, మధ్యలో తండ్రి పోవడం, రెండు సంబంధాలు కట్నం దగ్గర తప్పిపోవడం. ఆ ఆలస్యం ఆమె మనసులో ఎలా కూర్చుందో చూపిస్తే పాత్ర సగం తయారైపోతుంది. అత్తారింట్లో ఎవరైనా "అంత వయసు వచ్చిన పిల్ల" అన్న ప్రతిసారీ ఆమె ఏం చేస్తుందో ఆలోచించండి.

చట్టం కూడా చూసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్లిని నిషేధించి, విడాకులకు దారి ఇచ్చిన చట్టం 1949లో వచ్చింది. అంటే మీ కథ 1940లో జరిగితే "ఇంకో పెళ్లి చేసుకుంటాడు" అన్నది నిజమైన భయం. 1952లో అది చట్టం ఒప్పుకోని బెదిరింపు. హిందూ వివాహ చట్టం 1955, ఆస్తి హక్కు చట్టం 1956, వరకట్న నిషేధం 1961. మన కథ వీటన్నిటికీ ముందుది. కట్నం మాట అరుగు మీద కూర్చుని బాహాటంగానే మాట్లాడతారు. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన అరెకరం ఎవరి పేర ఉండాలన్న దాని మీద ఒక అధ్యాయం నడిపించవచ్చు.

రెండో మెట్టు: మేనరికమా, బయటి సంబంధమా?

పెద్దలు కుదిర్చిన పెళ్లి అంటే ముక్కూ మొహం తెలియని ఇద్దరు అని బయటివాళ్లు అనుకుంటారు. మన దగ్గర అది సగం నిజం. మేనరికంలో అమ్మాయికి ఆ ఇల్లు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అత్తగారు మేనత్తే. భర్త చిన్నప్పుడు తన జడ లాగి ఏడిపించిన బావ. అక్కడ సమస్య పరిచయం లేకపోవడం కాదు, మరీ ఎక్కువ ఉండటం. ఆటపట్టించుకున్న మనిషిని ఒక రాత్రికి రాత్రి భర్తగా చూడటం ఎలా అన్నది ఆ కథ.

బయటి సంబంధం వేరే నవల. పెళ్లిచూపుల్లో తలెత్తి చూడలేదు, తలంబ్రాల వేళ చూద్దామంటే అందరూ చుట్టూ ఉన్నారు. మూడు నిద్రల నాటికి గానీ గొంతు ఎలా ఉంటుందో తెలియదు. మనం దీన్నే తీసుకుందాం.

ఒక హెచ్చరిక. తెలుగు పెళ్లి అనగానే మడి కట్టుకున్న అగ్రహారపు ఇల్లే గుర్తొస్తుంది, ఎందుకంటే రాసినవాళ్లలో ఎక్కువమంది అక్కడివాళ్లు. కూలికి వెళ్లే ఇంట్లో కొత్త కోడలు మొగుడితో పాటు నాట్లకు వెళ్తుంది, గట్టు మీద కూర్చుని అతనితో మాట్లాడుతుంది. చాలా కులాల్లో మారుమనువు ఆచారం చట్టాలు రాకముందు నుంచీ ఉంది. ఆడవాళ్ల మీద ఆంక్షల లెక్కే మారిపోతుంది. నిజాం రాష్ట్రంలోకి వెళ్తే నాణెం హాలీ సిక్కా, ఆఫీసు భాష ఉర్దూ, కొత్త కోడలు పుట్టింటికి వెళ్లే పెద్ద పండగ బతుకమ్మ. మీకు బాగా తెలిసిన ఇంటినే ఎంచుకోండి. తెలియనిదాన్ని సినిమాల్లో చూసి నింపకండి.

మూడో మెట్టు: ఇంటి ప్లాను కాగితం మీద గీయండి

దీన్ని దాటేసి రాతలోకి దిగేవాళ్లే ఎక్కువ. దయచేసి దాటేయకండి. ఈ రకం నవలకు కథాంశం కన్నా ముందు కావలసింది ఇంటి పటం.

మండువా లోగిలి గీయండి. వీధి వైపు అరుగులు, లోపలికి వస్తే సావిడి, మధ్యలో ఆకాశం కనబడే మండువా, చుట్టూ వసారా, ఒక పక్క పడమటి గది, వెనక వంటిల్లు, దొడ్డి, నుయ్యి, పశువుల పాక. ఇప్పుడు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఇంట్లో ఎవరు ఎక్కడ ఉంటారో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. మామగారు అరుగు మీద, అత్తగారు వంటింటి గుమ్మంలో, పెళ్లి కావలసిన ఆడపడుచు వసారాలో, బడికెళ్లే మరిది ఎక్కడ పడితే అక్కడ, మంచం పట్టిన ముసలావిడ సావిడిలో. ఈ ముసలావిడ చాలా ఉపయోగపడుతుంది. ఆవిడకు నిద్ర పట్టదు.

ఇలా గీశాక భార్యాభర్తలు పగటిపూట ఒకరికొకరు ఎదురయ్యే చోట్లు మూడో నాలుగో మిగులుతాయి. ఊరి నుంచి వచ్చినప్పుడు కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు అందించే క్షణం. భోజనాల వేళ, అదీ వడ్డించేది అత్తగారైతే కోడలు తలుపు చాటునే. భోజనమయ్యాక తాంబూలం. దొడ్డివైపు వెళ్లే దారిలో నూతి పక్కన. మీ నవలలోని పగటి సన్నివేశాలన్నీ ఇక్కడే జరగాలి. మధ్యాహ్నం ఇద్దరూ గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారని రాశారంటే కథలో ఉన్న బిగువంతా అక్కడే సడలిపోతుంది.

రాత్రికి గది దొరుకుతుంది. దానికీ హద్దులున్నాయి. పందిరి మంచం కిర్రుమంటుంది, తలుపు గడియ వేస్తే చప్పుడవుతుంది, ఇల్లంతా సద్దుమణిగాక గానీ ఆమె పని పూర్తికాదు. తెల్లారకముందే అందరికన్నా ముందు లేచి గది బయట ఉండాలి. వచ్చిన చుట్టాలు నలుగురుంటే ఆ గది కూడా వాళ్లదే. నెలలో మూడు రోజులు ఆమె విడిగా దొడ్డివైపు వసారాలో. అంటే వాళ్ల సంభాషణలు ఎక్కువ భాగం గుసగుసలు. రాసేటప్పుడు ఆ వాక్యాలు పొడుగ్గా ఉండకూడదని మీకే అర్థమవుతుంది.

ఇలాంటి పటాలు మన నవలకు మూడు కావాలి. రెండోది మద్రాసులో అద్దెకు తీసుకున్న ఒక వాటా: ఒక గది, చిన్న వంటిల్లు, అందరికీ కలిపి ఒకటే కొళాయి, అరవం మాట్లాడే ఇంటావిడ. మొదటిసారి ఇద్దరే ఉండటం, అదీ భాష రాని ఊళ్లో. మూడోది కర్నూలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక సరైన భవనాలు లేక అక్కడ ఆఫీసులకూ ఉద్యోగులకూ గుడారాలు వేశారు. మందపాటి గోడల లోగిలిలో దొరకని ఏకాంతం గుడ్డ గోడల డేరాలో దొరుకుతుందా, ఉన్నది కూడా పోతుందా? రెండు రకాలుగానూ రాయవచ్చు. నేనైతే పక్క డేరాలో పై అధికారి కుటుంబాన్ని పెడతాను.

నాలుగో మెట్టు: పంచాంగం ఒక చేత్తో, పాత పేపరు ఒక చేత్తో

మన కొత్త దంపతుల మొదటి ఏడాదికి కథాంశం మీరు కనిపెట్టనక్కర్లేదు. పంచాంగమే ఇస్తుంది. మూఢాలు చూసి ముహూర్తం, పెళ్లి, గృహప్రవేశం, మూడు నిద్రలు, మనుగుడుపులు, ఆషాఢంలో పుట్టిల్లు, శ్రావణంలో మంగళగౌరీ నోము, అట్లతద్ది, దీపావళి, సంక్రాంతికి కొత్త అల్లుడు. ఈ ఆచారాల పని ఏమిటో చూడండి: ఇద్దర్నీ కలుపుతాయి, వెంటనే విడదీస్తాయి, మళ్లీ కలుపుతాయి. ఏ ప్రేమ నవలా ఇంతకన్నా మంచి కూర్పు చేయలేదు.

దీని పక్కన అప్పటి వార్తలు పెడదాం.

1952 మార్చి చివర ఉగాది, నందన నామ సంవత్సరం. మే నెలలో పెళ్లి. ఇక్కడే ఒక చిన్న ఉచ్చు ఉంది. కోనసీమ పెళ్లి అనగానే కాలువలో పడవ మీద తరలి వచ్చే పెళ్లివారిని రాయాలనిపిస్తుంది. కానీ డెల్టా కాలువలు వేసవిలో మరమ్మతుల కోసం కట్టేస్తారు. వైశాఖంలో కాలువలో నీళ్లుండవు. కాబట్టి గూడు బండ్లు. గోదావరి పాయ దాటాలంటే రేవులో పడవో పంటో. పడవ మీదే పెళ్లికూతురు వెళ్లాలని పట్టుదల ఉంటే ముహూర్తం మాఘానికి మార్చుకోండి.

జూన్‌లో రాజాజీ ప్రభుత్వం ఆహారధాన్యాల మీద కంట్రోలు, అంటే సర్కారు ఆంక్షలు, ఎత్తేసింది. దాని ముందు నెలలో పెళ్లి చేస్తున్న ఇంటివాళ్లు భోజనాలకు బియ్యం ఎలా సమకూర్చారు? వియ్యాలవారి మధ్య మొదటి మాటపట్టింపు ఇక్కడే పుట్టించవచ్చు.

జూన్ చివరి నుంచి జులై చివరి దాకా ఆషాఢం. ఆమె పుట్టింట్లో, అతను మద్రాసులో. ఒకరి మీద ఒకరికి బెంగ పుట్టడానికి మూడు నిద్రల పరిచయం చాలుతుందా అన్నది ఈ భాగంలో తేల్చాలి. తర్వాత శ్రావణ మంగళవారాలు, వాయనాల శనగలు, పేరంటాళ్ల ఆరాలు.

దీపావళి వెళ్లగానే అక్టోబర్ 19న మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష మొదలుపెట్టారు. మన గుమాస్తా పనిచేసేది ఆ నగరంలోనే. ప్రభుత్వోద్యోగి, పైగా తెలుగువాడు. ఆఫీసు నుంచి వస్తూ ఆ వీధిలోకి వెళ్లాలా వద్దా? డిసెంబర్ 15న శ్రీరాములు చనిపోయారు. ఆంధ్ర జిల్లాల్లో అల్లర్లు, రైళ్లకు ఆటంకాలు. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటన. సరిగ్గా నెల తిరక్కుండానే సంక్రాంతి. కొత్త అల్లుడు వస్తాడా రాడా అని అత్తారింట్లో కంగారు. చూశారా, చరిత్ర తనంతట తానే వాకిట్లోకి వచ్చింది. దీనికోసం మీ హీరో ప్రకాశం పంతులుగారితో కరచాలనం చేయనక్కర్లేదు. ఆ రకం సన్నివేశం వచ్చినప్పుడల్లా పాఠకుడికి రచయిత కనిపిస్తాడు. రైలు ఆలస్యం, రాని ఉత్తరం, ఆగిన మనియార్డరు: చరిత్రను ఇలాగే ఇంట్లోకి రానివ్వండి.

1953 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద. అప్పటికి మళ్లీ శ్రావణం. నోము రెండో ఏడాది కోసం ఆమె మద్రాసు నుంచి కోనసీమ వచ్చి ఉంటుంది. గట్లు తెగాయన్న వార్త పేపర్లో చదివి, ఏ కబురూ అందక మద్రాసులో తిరుగుతున్న అతను. మన నవలకు పతాక సన్నివేశం ఇదే. అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు, అతనికి బదిలీ. పదిహేడు నెలల కథ.

అయిదో మెట్టు: చెరో కోరిక, చెరో దాపరికం

ఇద్దరికీ పెళ్లికి ముందు నుంచే ఏదో ఒకటి కావాలనిపించి ఉండాలి. ఆమె థర్డ్ ఫారం దాకా చదివి ఆపేసింది, కానీ ఇంట్లో కూర్చుని హిందీ ప్రచార సభ పరీక్షలు రాస్తోంది. ప్రాథమిక, మధ్యమ అయ్యాయి, రాష్ట్రభాష మిగిలింది. ఆ పుస్తకాలు సారె పెట్టెలో చీరల కింద పెట్టుకుని వచ్చింది. పెద్ద ఆశయమేమీ కాదు. మొదలుపెట్టింది పూర్తి చేయాలనుకుంటోంది, అంతే.

అతని దాపరికం కట్నం. ఆమె తెచ్చిన డబ్బు అప్పుడే చెల్లెలి పెళ్లికి మాట ఇచ్చేశారు. అతనికి తెలుసు, ఒప్పుకున్నాడు, సిగ్గుపడుతున్నాడు. కోడలి కట్నంతో ఆడపడుచు పెళ్లి చేయడం అప్పుడు ఎవరికీ వింత కాదు కాబట్టి ఎవరూ దాన్ని తప్పనుకోరు. అతనొక్కడికే అది ముల్లులా ఉంది. ఇలాంటి దాపరికం విలన్ అవసరం లేకుండానే కథ నడుపుతుంది. ఎందుకంటే నిజం తెలిసిన రోజు ఆమె కోపం ఎవరి మీద చూపించాలి? ఆ ఆడపడుచు ఈపాటికి ఆమెకు ఇంట్లో ఉన్న ఒకే ఒక స్నేహితురాలు.

ఆరో మెట్టు: మాటకు దారి లేనప్పుడు వస్తువును వాడండి

విడిగా ఉన్న దంపతుల మధ్య ఉత్తరాలు తప్పవు. కార్డు చవక, కానీ పోస్టుమాన్ దగ్గర నుంచి మరిది దాకా అందరూ చదువుతారు. కవరు పంపితే లోపల ఏముందోనని ఇల్లంతా ముసిముసిగా నవ్వుతారు. బిడియస్థుడైన భర్త కార్డే రాస్తాడు, అదీ తండ్రి పేర. అందులోంచి భార్యతో ఎలా మాట్లాడతాడు? ఒక నమూనా:

*మామగారు అరుగు మీద కూర్చుని కార్డు పైకి చదువుతున్నారు. "ఇచ్చట నేను క్షేమం. అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాను. జీతం రాగానే ముప్పై రూపాయలు మనియార్డరు చేస్తాను. జామచెట్టుకు నీళ్లు పోస్తున్నారా? పూత నిలిచిందా?"*

*ఆయన ఆగి, కార్డు అటూ ఇటూ తిప్పి చూశారు. "మనింట్లో జామచెట్టెక్కడిదే?"*

*వంటింట్లో తిరగలి ఆగింది.*

*అత్తగారు చేటలో బియ్యం చెరుగుతూనే అన్నారు. "ఎవరింట్లో ఉందో వాళ్లు పోస్తార్లెండి."*

*తిరగలి మళ్లీ తిరిగింది.*

జామచెట్టు ఆమె పుట్టింట్లో ఉంది. మూడు నిద్రల్లో ఒక రాత్రి, మాట్లాడటానికి ఏమీ తోచక, తను నాటిన చెట్టు ఈ ఏడే పూతకొచ్చిందని చెప్పింది. అతను ఊఁ అన్నాడు, అంతే. విన్నాడో లేదో కూడా అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. "నిన్ను ప్రేమిస్తున్నాను" అని రాసినా ఇంత పని జరగదు. అత్తగారికీ ఒక వాక్యంలో ప్రాణం వచ్చింది: ఆవిడ గ్రహించింది, బయటపెట్టలేదు, కోడలి పరువు కాపాడింది.

తర్వాత ఏం చేస్తారు? జవాబు మామగారు చెబుతుంటే రాసేది మరిది. వాడికి రెండు జంతికలు ఎక్కువ పెట్టి, చివర్లో ఒక ముక్క కలిపించుకోవచ్చు: "పూత నిలిచింది. పిందెలు వచ్చాయి." ఇలా ఒక వస్తువు రెండు మూడు అధ్యాయాలు నడుస్తుంది. అంతకుమించి లాగకండి, విసుగు పుడుతుంది. వరద అధ్యాయంలో ఆ చెట్టు కొట్టుకుపోయిందని రాయాలనిపిస్తుంది చూడండి, అది కూడా వద్దు. అందరికీ ముందే తోచే మలుపు అది.

ఏడో మెట్టు: పిలుపులు, మాటలు

భార్య భర్తను పేరు పెట్టి పిలవదు. ఏమండీ, ఇదిగో, లేదా గాజుల చప్పుడు. అతను నువ్వు అంటాడు, ఆమె మీరు అంటుంది, నవల చివరి దాకా అంతే. మీరు నుంచి నువ్వుకు దింపి సాన్నిహిత్యం చూపించడం ఈ కాలపు అలవాటు. అప్పటి ఇంట్లో నప్పదు. భర్త అన్న బావగారు, ఆయన ఎదురుగా ఆమె నిలబడదు. తోటికోడలు అక్కయ్య. మరిది వదినా అంటూ కొంగు పట్టుకుని తిరుగుతాడు, ఇంట్లో ఆమె గట్టిగా నవ్వగలిగేది వాడితోనే. గృహప్రవేశం నాడు గుమ్మం దగ్గర ఆడపడుచు దారికి అడ్డం నిలబడి ఇద్దరి చేతా పేర్లు చెప్పిస్తుంది కదా, ఆ వేడుకను వదులుకోకండి. అతని పేరు ఆమె నోట వచ్చేది నవల మొత్తంలో ఆ ఒక్కసారే అయితే దాని బరువే వేరు.

సంభాషణల్లో ఎక్కువమంది జారేది ఇక్కడ: "నువ్వు నన్ను అర్థం చేసుకోవడం లేదు. మన బంధానికి కొంచెం సమయం ఇద్దాం." ఇది కౌన్సెలింగ్ సెంటర్‌లో మాట. 1952లో గది లోపల ఇలా ఉంటుంది:

*"దీపం తగ్గించనా?"*

*"ఉండనీ. కిరసనాయిలు ఉందా?"*

*"తెల్లారేదాకా వస్తుంది."*

వాళ్లు మాట్లాడుతున్నది కిరసనాయిలు గురించి కాదని పాఠకుడికి తెలుసు. మీరు విడమరిచి చెప్పకుండా ఉంటే చాలు.

యాస విషయంలో పొదుపు పాటించండి. కోనసీమ మనుషులని చెప్పి ప్రతి వాక్యానికీ "ఆయ్" తగిలిస్తే కామెడీ ట్రాక్ అయిపోతుంది. పాలేరు, పడవ సరంగు, పెత్తందారు, కోడలు, నలుగురూ ఒకేలా మాట్లాడరు. కథనం మాత్రం మామూలు రాత భాషలో ఉంచండి.

ఎనిమిదో మెట్టు: దగ్గరితనం

రొమాన్స్ నవల కాబట్టి పాఠకులు ఎదురుచూసే సన్నివేశాలు ఉంటాయి. తప్పించుకోకండి, తొందరపడకండి. కార్యానికి ముహూర్తం పెద్దలు పెట్టారు, కానీ మనసుకు ముహూర్తం వాళ్లదే కావాలి. అమ్మాయి ఇష్టం ఎలా తెలుస్తుంది అన్నదే ఇక్కడ రచయితకు పరీక్ష. ఆమె నోటితో చెప్పకపోవచ్చు. అతను అడిగే పద్ధతి, ఆగే పద్ధతి, ఆమె తనంతట తాను వేసే మొదటి అడుగు, ఇవి స్పష్టంగా రాయండి. బలవంతాన్ని మగతనంగా చూపించే పాత ధోరణిని "కాలానికి తగ్గట్టు" అనే పేరుతో మోసుకురానక్కర్లేదు. ఆ కాలంలోనూ మర్యాద తెలిసిన మగవాళ్లు ఉన్నారు.

అలాగని అతణ్ణి ఇవాళ్టి ఆదర్శ భర్తను చేసేయకండి. అతను అంట్లు తోమడు. తల్లి ముందు భార్యను వెనకేసుకు రాడు, నవల సగం దాకా. మద్రాసులో మొదటిసారి ఆమెకు జ్వరం వచ్చినప్పుడు కుంపటి రాజేయడం చేతకాక ఇల్లంతా పొగ చేస్తాడు. ఇంటావిడ వచ్చి అరవంలో తిట్టి, తనే రసం కాచి ఇస్తుంది.

తొమ్మిదో మెట్టు: ఆధారాలు ఎక్కడ?

1952–53 నాటి ఆంధ్రపత్రిక సంచికలు తిరగేయండి. వార్తల కన్నా ప్రకటనలు ఎక్కువ చెబుతాయి: సబ్బులు, టానిక్కులు, చీరల ధరలు, వధువు కావలెను. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. స్త్రీల పత్రికలు కావాలంటే డాక్టర్ కేసరి 1928లో మద్రాసు నుంచి మొదలుపెట్టిన గృహలక్ష్మి చూడండి. కాలువలు, పంటలు, ఆచారాల కోసం 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్ ఉంది, కానీ అది దొరల చూపు అని గుర్తుంచుకుని చదవాలి. నందన, విజయ సంవత్సరాల పంచాంగాలు ఎవరి అటక మీదైనా దొరికితే అదృష్టమే.

అన్నిటికన్నా మేలు మనుషులు. అప్పటి పెళ్లికూతుళ్లకు ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి, కాబట్టి ఆలస్యం చేయకండి. "ఆ రోజుల్లో ఎలా ఉండేదమ్మమ్మా?" అని అడిగితే "ఏముందే, బానే ఉండేది" అంటారు. చిన్న ప్రశ్నలు వేయండి. రాత్రి దీపం ఎవరు ఆర్పేవారు? తాతయ్య నీకు మొదట కొనిచ్చింది ఏమిటి? అది అందరి ముందూ ఇచ్చాడా, చాటుగానా? మీ అత్తగారు నిన్ను ఏమని పిలిచేది? ఒక్కో జవాబూ ఒక్కో సన్నివేశం. వాళ్ల పేర్లు, ఇంటి గుట్లు మాత్రం నవలలోకి యథాతథంగా ఎక్కించకండి.

పదో మెట్టు: రాత, తర్వాత ఏరివేత

మొదటి చిత్తు ఆగకుండా రాసేయండి. అనుమానం వచ్చిన చోట ఒక చుక్క పెట్టి ముందుకు వెళ్లండి. ప్రతి అధ్యాయానికీ మార్జిన్‌లో రెండే విషయాలు: ఇద్దరికీ ఏకాంతం దొరికిన వేళ ఎంత, పెదవి దాటిన మాట ఏది. వరసగా మూడు అధ్యాయాల్లో రెండో గడి ఖాళీగా ఉంటే కథ ఆగిపోయిందని లెక్క. మూడింటిలోనూ నిండుగా ఉంటే మరీ తొందరగా కలిసిపోతున్నారని.

తర్వాత తప్పులు ఏరండి. రూపాయికి 16 అణాలు; బేడ, పావలా, కానీ అనే నాణేలు వాడుకలో ఉన్నాయి. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో గానీ రాలేదు. కూరగాయలు వీశెల్లో తూగుతాయి, కిలోల్లో కాదు. బియ్యం కుంచాలు, తవ్వలు, సోలలు. బంగారం కాసులు, తులాలు. వంటింట్లో ఇత్తడి, కంచు, పులుసుకు రాచ్చిప్ప, ఏడాదికోసారి కళాయి వేసేవాడు. ప్రెషర్ కుక్కర్, ప్లాస్టిక్ బకెట్, నైటీ కనిపిస్తే తీసేయండి. పల్లెలో కరెంటు ఉందని రాసేముందు ఆ ఊరికి ఎప్పుడు వచ్చిందో కనుక్కోండి; లేదంటే లాంతరే క్షేమం. రేడియో పెట్టవచ్చు, విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1నే మొదలైంది, కానీ ప్రతి ఇంట్లోనూ మోగించకండి. టెలిగ్రాం వస్తే మాత్రం ఎవరూ నవ్వుతూ విప్పరు, ముందు ఏడుపు మొదలవుతుంది, తర్వాతే చదువుతారు.

పూర్తయ్యాక ఇద్దరికి ఇవ్వండి. ఒకరు ఆ ప్రాంతం, ఆ ఆచారాలు తెలిసిన పెద్దావిడ. ఇంకొకరు ప్రేమ నవలలు తెగ చదివే పాతికేళ్ల అమ్మాయి. పెద్దావిడ "ఇలా జరగదు" అన్న చోట వాదించకుండా మార్చండి. అమ్మాయి "ఇక్కడ బోర్ కొట్టింది" అన్న చోట పేజీలు కొట్టేయండి. ఇద్దరూ ఒకే సన్నివేశం దగ్గర ఆగి "తర్వాత ఏమైంది?" అని అడిగితే దాని జోలికి వెళ్లకండి.